ప్రాక్టీస్ హైక్ గారికి ఒక బాధితుడి లేఖ

మహారాజశ్రీ ప్రాక్టీస్ హైక్ గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే పరిస్థితి ఇటువైపు లేదు. రోజుల తరబడి కొండల్లో నడిచే లాంగ్ ట్రెక్‌కి ముందు రిహార్సల్‌గా మీరు వచ్చి వెళ్లినప్పటి నుంచి మెట్లు ఎలాగోలా ఎక్కుతున్నాను గానీ దిగలేకపోతున్నాను. కొండ దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలని, అసలు దెబ్బ అక్కడే తగులుతుందని, ఆ నొప్పి అదే రోజు కాకుండా ఒకటి రెండు రోజులాగి ముదురుతుందని ముందే కబురు పెడితే మీ సొమ్మేం పోయేది?

మీరు రాకముందు నా జీవితం ఎంత ప్రశాంతంగా ఉండేదో తెలుసా? లాంగ్ ట్రెక్‌కి పేరిచ్చాను. సామాన్లన్నీ కొన్నాను. ట్యాగులు కూడా తీయకుండా మంచం మీద వరసగా పరిచి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. అందరూ బొటనవేలు ఎత్తి మెచ్చుకున్నారు. ఇక కొండ ఒక్కటే బాకీ. అది ఎక్కడికి పోతుంది, అక్కడే ఉంటుంది కదా అనుకున్నాను. అప్పుడే మీరు తగుదునమ్మా అంటూ వచ్చారు.

వస్తూనే బ్యాక్‌ప్యాక్ మీద పడ్డారు. అద్దం ముందు ఖాళీగా తగిలించుకున్నప్పుడు అది నాకెంత బాగా నప్పిందో! మీకది చాల్లేదు. ట్రెక్‌లో మోయబోయే బరువంతా ఇప్పుడే నింపి నడవాలన్నారు. ఒక నీళ్ల సీసా, రెండు చాక్లెట్లు వేసుకుని ఊరవతల తిరిగొచ్చి, ప్రాక్టీస్ అయిపోయిందనే మహానుభావులు ఎంతమంది లేరు? వాళ్లనేమీ అనరేం? పైగా మనిషి బరువులో ఐదో వంతు మించి మోయకపోతే మంచిదని ట్రెక్కర్లు చెప్పుకునే లెక్కొకటి నా ముందు పెట్టారు. 70 కిలోల మనిషికి 14 కిలోలు. అందులో లీటరు నీళ్లకు కిలో చొప్పున ముందే పోతుంది. నా రెండో జీన్స్, మూడో పవర్‌బ్యాంక్, వెలుతురున్నంతసేపూ నడిచి రాత్రి టెంట్‌లో చదువుదామనుకున్న లావుపాటి నవల, అన్నీ ఆ లెక్కకు బలైపోయాయి.

ఇక నడుం బెల్టు. అది అలంకారం కోసమే ఇచ్చారని నేనిప్పటికీ వాదిస్తాను. మీరేమో దాన్ని పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోబెట్టి బిగించాలంటారు. బరువులో ఎక్కువ భాగం అక్కడికే దిగాలట. భుజాల పట్టీలు బ్యాగ్ వెనక్కి వాలకుండా పట్టుకుంటే చాలట. బరువైన సామాను వీపుకు ఆనుకుని ఉండాలట. సరే, అలాగే సర్దాను. మీరన్నట్టే భుజాలు తేలికపడ్డాయి కూడా. అయినా ఆ సంగతి నలుగురి ముందు నాచేత ఒప్పించాలా?

షూస్ విషయంలో మీరు చేసింది మాత్రం క్షమించరానిది. ఇంట్లో హాలు నుంచి వంటగది దాకా నడిస్తే దూదిలా ఉన్న షూ, మీ దారిలోకి రాగానే మడమ కొరకడం మొదలుపెట్టింది. దిగుడులో పాదం ముందుకు జారి, ప్రతి అడుగుకూ బొటనవేలు షూ కొసకు గుద్దుకుంది. ఆ గోరు ఇప్పుడు నల్లగా ఉంది. నడిచేకొద్దీ పాదాలు ఉబ్బుతాయి కాబట్టి షూస్ సాయంత్రం పూట, ట్రెక్‌లో వేసుకునే సాక్స్‌తోనే కొలత చూసుకుని కొనాలనీ, దిగే ముందు మడమ కదలకుండా లేసులు పైన బిగించాలనీ మీరు తీరిగ్గా చెప్పారు. చెమట పీల్చి తడిని అలాగే పట్టుకుని ఉండే కాటన్ సాక్స్‌ను కూడా చీవాట్లు పెట్టారు. అవి నాతో ఎంతో కాలంగా ఉంటున్నాయండీ. మొహమాటమైనా లేదా మీకు?

నా స్నేహితుడికి జరిగిన అన్యాయం ముందు ఇదెంత! ఏళ్ల తరబడి అలమరాలో భద్రంగా దాచుకున్న బూట్లు పాపం వాడివి. పైకి కొత్తవే. కానీ కొన్ని బూట్లలో అడుగు పొర పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేస్తారు. అది గాల్లోని తేమకు, వాడినా వాడకపోయినా, లోపల్లోపలే చివికిపోతుంది. మీ దారిలో కాసేపు నడవగానే సోల్ నోరు తెరిచింది. అదే ట్రెక్ మధ్యలో, రోడ్డుకు రెండు రోజుల దూరంలో తెరిచి ఉంటే వాడికి జీవితాంతం చెప్పుకునే సాహసగాథ మిగిలేది. మీరు దాన్ని కాస్త కార్ పార్కింగ్ పక్కన కథగా మార్చేశారు.

రెయిన్ జాకెట్ లోపల చెమటకే తడిసిపోయాను, హెడ్‌ల్యాంప్ బ్యాగులో తనంతట తానే వెలిగి చార్జింగ్ అంతా తాగేసింది, మ్యాప్ ముందుగా డౌన్‌లోడ్ చేసుకోలేదని ఫోన్ చేతులెత్తేసింది. ఇవన్నీ రాస్తే కాగితం దండగ.

కానీ టైమ్ సంగతి రాయక తప్పదు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. ఇప్పటి కొలతల్లో, గంటకు దాదాపు 5 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ అదనంగా ఇంకో గంట. అంటే 12 కిలోమీటర్ల దారి, 600 మీటర్ల ఎక్కుడు ఉంటే మూడున్నర గంటల లోపే అయిపోవాలి. షూ విప్పి రాయి దులుపుకోవడం, ఫోటో తీసే నెపంతో ఊపిరి తీసుకోవడం ఆయన లెక్కలో లేవు. నాకు ఎంతసేపు పట్టిందో మీకు తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి అనవసరం.

ఇంత చేసీ మీరు ఊరుకున్నారా? శనివారం నడిచినవాణ్ణి ఆదివారం కూడా అదే బరువుతో రమ్మంటున్నారు. ఒక్క రోజు ఎవడైనా నడుస్తాడట. లాంగ్ ట్రెక్ అంటే నిన్నటి బొబ్బ మీదే ఇవాళ షూ వేసుకోవడమట. పొద్దున లేవగానే మోకాలు ఏమంటోంది, రాత్రి సరిగ్గా నిద్రపట్టిందా, అదే బ్యాగ్ మళ్లీ ఎత్తుకోబుద్ధి అవుతోందా, ఇవి రెండో రోజే తెలుస్తాయట. ఈ మాటకు జవాబు కోసం చాలా వెతికాను. దొరకలేదు. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

అయినా మీకూ కాస్త బడాయి తగ్గాలి. ఎత్తు సంగతి మీ చేతుల్లో లేదు. 5500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి దాదాపు సగమే. ఇక్కడ మీ దగ్గర పరుగున కొండెక్కినవాడికైనా అక్కడ తలనొప్పీ వాంతులూ రావచ్చు, ఫిట్‌నెస్ దాన్ని ఆపలేదు. 3000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకుండా నిదానంగా వెళ్లడమే దారి. మీ దగ్గర పాసైపోయామని గుండెలు విరుచుకుని తిరిగేవాళ్లకు ఈ ముక్క మీరే చెప్పాలి. నేను చెబితే కుళ్లు అంటారు.

మీ మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియక మీకే రాస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయ బాధితుడు

తా.క.: ట్రెక్కింగ్ పోల్స్‌ను, అదే ఆ ఊతకర్రలను, ఎక్కేటప్పుడు కాస్త పొట్టిగా, దిగేటప్పుడు కాస్త పొడుగ్గా పెట్టుకోవాలన్నారు కదా. పొడుగు చేసి బిగించిన లాక్ ఇప్పుడు ఊడి రావడం లేదు. ఆదివారం వచ్చేటప్పుడు చేతుల్లో బలమున్నవాళ్లను ఎవరినైనా వెంటబెట్టుకు రండి.