అడవిలో కర్చీఫ్ వేస్తే సీటు మీదైపోదు

మిషిగన్‌లో తుపాకీతో జింకల వేట మొదలయ్యే నవంబరు 15 దగ్గర పడుతోందని నాకు క్యాలెండరు చెప్పక్కర్లేదు, వాట్సాప్ చెబుతుంది. ‘పబ్లిక్ ల్యాండ్‌లో జింకల వేట: మనవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన 7 సూత్రాలు’ అనే సందేశం అక్టోబరు చివర్లో నిద్ర లేస్తుంది. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, కాంటన్ ఊళ్ళ గ్రూపులన్నీ చుట్టబెట్టి నా ఫోన్లో వచ్చి పడుతుంది. రాసిందెవరో తెలియదు. పైన మాత్రం ‘సీనియర్ వేటగాడి అనుభవసారం’ అని ఉంటుంది. ఈసారి జన్మలో తుపాకీ ముట్టనివాళ్ళు కూడా నాకు పంపించారు. చాలామంది ఓ దండం బొమ్మ తగిలించి వదిలేశారు. ‘అన్నా, ఇందులో ఉన్నది నిజమేనా?’ అని అడిగినవాళ్ళు కొందరే. రాస్తున్నది ఆ కొందరి కోసం.

వేటే పాపం అనేవాళ్ళతో నాకిక్కడ పేచీ లేదు. ఆ వాదన ఇంకోరోజు పెట్టుకుందాం.

మొదటి సూత్రం: ‘సెప్టెంబరులోనే వెళ్ళి చెట్టుకు స్టాండ్ కట్టి పేరు, అడ్రసు రాసి పెట్టండి. ఆ సీజనంతా ఆ చోటు మీదే.’

కాదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్యే కావచ్చు, ఇక్కడ మాత్రం పనిచేయదు. స్టాండ్ అంటే వేటగాడు కూర్చోడానికి చెట్టుకు కట్టే మంచె. దాని మీద పేరు రాయమన్నది అది ఎవరిదో ఆఫీసరుకు తెలియడానికి. అది పట్టాదారు పాసుపుస్తకం కాదు. మీరు డబ్బు పెట్టి కొన్నా, మోసుకెళ్ళి కట్టినా, పబ్లిక్ ల్యాండ్‌లో ఉన్న స్టాండ్ ఆ ఉదయం ముందు వచ్చినవాడిదేనని రాష్ట్ర సహజ వనరుల శాఖ, అంటే అందరూ డీఎన్ఆర్ అనేది, ఎప్పుడో తేల్చి చెప్పింది. దీనికే తోకగా సందేశంలో ఇంకో చిట్కా ఉంది: ముందురోజు రాత్రే ఓ కారు తెచ్చి పార్కింగులో వదిలేస్తే లోపల ఎవరో ఉన్నారనుకుని మిగతావాళ్ళు వెనక్కి పోతారట. కారుకు వేట లైసెన్సు తీసుకుని, వేటగాళ్ళు వేసుకునే ఆరెంజ్ జాకెట్ కూడా తొడిగితే ఇంకా బాగుంటుంది.

అయితే రాసినాయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. చట్టం ఎక్కవచ్చన్నా ఇంకొకరు కట్టిన స్టాండ్ నేను ఎక్కను. దోమల్లో, చెమటలో అంత ఇనుము భుజాన మోసుకొచ్చి, గాలి ఎటు వీస్తుందో, జింకలు ఏ దారిన నడుస్తాయో చూసుకుని కట్టినవాడి శ్రమకు ఓ విలువుంటుంది. పైగా ఆ పట్టీలు ఎన్నేళ్ళనాటివో, ఎలా బిగించాడో నాకేం తెలుసు? తెల్లారకముందే వచ్చి తన స్టాండ్‌లో పరాయివాణ్ణి చూసినవాడికి కడుపు మండటం న్యాయమే. ఆ మంటకు హక్కు అని పేరు పెట్టడం దగ్గరే పేచీ.

రెండు, మూడు, ఆరు సూత్రాలకు ఇంత ఓపిక అక్కర్లేదు. ‘మేత వేసినచోట వేసినవాడిదే వేట’ అట. మిషిగన్ దక్షిణ భాగమైన దిగువ ద్వీపకల్పంలో జింకలకు మేత వేయడం 2019 నుంచి నిషేధం. మీరు చేసిన నేరం చూపించి అవతలివాడి మీద హక్కు అడుగుతారా? ‘ఇద్దరు వేటగాళ్ళ మధ్య 100 గజాలు ఉండాలని చట్టం’ అట. అలాంటి చట్టం లేదు. తుపాకీకి ఉన్న దూరం లెక్క ఇళ్ళ నుంచి 450 అడుగులు, అంతే. వేటగాళ్ళ మధ్య ఉన్నది మర్యాద, దానికి 100 గజాలు చాలా తక్కువ. మీ ఆరెంజ్ నాకు, నాది మీకు కనబడుతోందంటే ఇద్దరిలో ఆలస్యంగా వచ్చినవాడు లేచి ఇంకాస్త లోపలికి నడవాలి. ‘గాయపడ్డ జింక ప్రైవేటు భూమిలోకి పోతే వెంటపడి తెచ్చుకోవచ్చు’ అట. కుదరదు, ముందు వెళ్ళి తలుపు తట్టి అడగండి. ఇక్కడ చాలామంది ఒప్పుకుంటారు. కాదంటే ఆ జింక పోయినట్టే.

ఇక నాలుగోది. దీని కోసమే ఇంత రాస్తున్నాను. ఉన్నదున్నట్టు: ‘మీ చోట్లో ఎవడైనా కూర్చుంటే గొడవ పడొద్దు, పాఠం నేర్పండి. చుట్టూ తిరుగుతూ ఫోన్లో పాటలు పెట్టండి. ఘాటు వాసన స్ప్రేలు కొట్టండి. వాడి కెమెరాలో కార్డు పీకేయండి. వాడి స్టాండ్ ఎక్కడుందో తెలిస్తే పట్టీ సగం కోసి వదిలేయండి, మళ్ళీ రాడు.’

మళ్ళీ రాడు, నిజమే. ఇరవై అడుగుల పైనుంచి పడి నడుం విరిగినవాడు ఎలా వస్తాడు? దీన్ని పాఠం అనరు, హత్యాయత్నం అంటారు. దీని కింద కూడా దండం బొమ్మ పెట్టి ఫార్వర్డ్ చేసిన మహానుభావులు నా స్నేహితుల్లో ఉన్నారు. వాళ్ళు ఈ సూత్రం దాకా చదవలేదనే అనుకుంటున్నాను. చదివి పంపారంటే ఇంకో సంగతి.

మిగతావి చిలిపి పనులనుకోకండి. చట్టప్రకారం వేటాడుతున్నవాణ్ణి కావాలని అడ్డుకోవడం మిషిగన్‌లో నేరం. పాటలు, స్ప్రేలు, స్టాండ్ పాడుచేయడం అన్నీ దాని కిందికే వస్తాయి. తెలివి చూపించి డ్రోన్ ఎగరేద్దామనుకునేవాళ్ళకు 2015లోనే ఆ దారీ మూసేశారు. తొలిసారికే 93 రోజుల దాకా జైలు, పైన జరిమానా. మనలో వీసా మీద ఉన్నవాళ్ళకు అది అక్కడితో ఆగదు. వీసా దరఖాస్తు డీఎస్-160 ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని ఓ ప్రశ్న ఉంటుంది, మర్చిపోయారా? స్టాంపింగుకు వెళ్ళి హైదరాబాద్ కాన్సులేట్ కిటికీ దగ్గర ‘వాడు నా చెట్టెక్కాడండీ, అందుకే పాటలు పెట్టాను’ అని వివరించుకుందురుగాని.

జైలు సంగతి కూడా పక్కన పెట్టండి. పాఠం నేర్చుకోబోయేవాడి చేతిలో లోడ్ చేసిన తుపాకీ ఉంది. మీ చేతిలోనూ ఉంది. 2004 నవంబరు 21న పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని సాయర్ కౌంటీలో ఆగ్నేయాసియా మూలాలున్న మోంగ్ జాతికి చెందిన చాయ్ వాంగ్ అనే వేటగాడు ఒకరి ట్రీ స్టాండ్‌లో కూర్చున్నాడు. అది ప్రైవేటు భూమి, దిగి వెళ్ళమన్నారు. దిగాక మాటా మాటా పెరిగింది. తనను జాతి పేరుతో తిట్టారని, ముందు కాల్చింది వాళ్ళేనని అతను కోర్టులో చెప్పాడు. బతికినవాళ్ళు కాదన్నారు. ఆరుగురు చనిపోయారు, ఇద్దరు గాయపడ్డారు, వాంగ్‌కు యావజ్జీవం పడింది. భూమి ఎవరిదన్న విషయంలో అక్కడ ఎవరికీ సందేహం లేదు, అయినా అంత దూరం వెళ్ళింది. 2007 జనవరిలో అదే రాష్ట్రంలో, పెష్టిగో దగ్గర, ఈసారి పబ్లిక్ ల్యాండ్‌లోనే, ఉడతల వేటకు వెళ్ళిన చా వాంగ్ అనే మరో మోంగ్ మనిషిని ఒక తెల్ల వేటగాడు చంపాడు. మొదటిదానికీ దీనికీ వ్యక్తుల సంబంధం లేదు. ఈ మధ్యలో ఆ రాష్ట్రంలో ప్రతి మోంగ్ వేటగాడూ ఏ చూపుల మధ్య అడవిలోకి నడిచాడో ఊహించుకోండి. మన రంగు, మన యాస అడవిలోకి వెళ్ళేసరికి మారిపోవు. అవతలివాడు తెల్లవాడైనా, మనవాడైనా, చీకట్లో తుపాకీ పట్టుకుని ‘పాఠం నేర్పండి’ అని మనవాళ్ళకు మనవాళ్ళే రాసిపెట్టడం ఏం తెలివి నాయనా?

చేయాల్సింది చాలా చిన్నది. చీకట్లో నడుస్తూ పైన లైటు కనబడితే మీ హెడ్‌ల్యాంప్ ఒకసారి ఊపి, వచ్చిన దారినే వెనక్కి తిరగండి. అతని ముందునుంచి మాత్రం నడవకండి. రెండో చోటు, మూడో చోటు ముందే చూసిపెట్టుకోండి. స్టేట్ ఫారెస్టే దాదాపు 40 లక్షల ఎకరాలుంది. నోవై నుంచి ముప్పావుగంటలో చేరే పింక్నీలోనే అందరూ కూర్చుని చోటు లేదంటే అది అడవి తప్పు కాదు. నిజంగా ఎవరైనా మీ వస్తువులు పాడుచేస్తే కారు నంబరు రాసుకుని డీఎన్ఆర్ హాట్‌లైన్‌కు ఫోన్ చేయండి. కన్సర్వేషన్ ఆఫీసర్లు ఉన్నదే దానికి.

ఐదో సూత్రం: ‘మొదటి రక్తం ఎవరిదో జింక వారిదే. మిగతావాళ్ళు చేతులెత్తేయాలి.’ అంటే ముందు గాయపరిచినవాడిదే జింక అని. ఇది పాత కాలపు మాటే, ఎవరో కల్పించింది కాదు. కానీ ‘చేతులెత్తేయాలి’ అనేంత సులువుగా తేలదు. 1805లో న్యూయార్క్‌లో ఓ నక్క కోసం కోర్టుకెక్కారు. పోస్ట్ అనే ఆయన కుక్కలతో దాన్ని తరుముతుంటే పియర్సన్ అనే ఆయన మధ్యలో దూరి చంపి పట్టుకుపోయాడు. తరిమినంత మాత్రాన నక్క నీదైపోదు, పట్టుకోవాలి లేదా తప్పించుకోలేనంత ప్రాణాంతకంగా గాయపరచాలి అని కోర్టు పియర్సన్ వైపే తీర్పిచ్చింది. ఇక్కడి లా కాలేజీల్లో ఆస్తి చట్టం పాఠం మొదలయ్యేది చాలాచోట్ల ఈ నక్కతోనే. నా లెక్కా అదే. మీ గుండు ఊపిరితిత్తుల్లోంచి పోయి, ఆ జింక వంద గజాలు పరిగెత్తి నా ముందుకొస్తే, నేను పడగొట్టినా అది మీదే. కాలికి గీసుకుపోయిన గుండు చూపించి ‘రక్తం నాదే’ అంటే మాత్రం ఒప్పుకోను. రెండు గుండ్లలో ఏది చంపిందో తేలకపోతే, ఇద్దరిలో ఇంతవరకు ఒక్క జింకా కొట్టనివాడికి వదిలేస్తాను. ఇది చట్టంలో లేదు, నా ఇష్టం. ఎవరిదో తేలాక లైసెన్సుతో వచ్చే ట్యాగ్ జింకకు అక్కడికక్కడే కట్టాలి, 72 గంటల్లోపు డీఎన్ఆర్‌కు ఆన్‌లైన్లో చెప్పాలి. సందేశంలో ఆ ఊసే లేదు.

ఏడోది: ‘మీ చోటు ఎవరికీ చెప్పకండి, గ్రూపుల్లో మ్యాప్ పిన్ అస్సలు పెట్టకండి.’ దీన్నీ ఖండిద్దామనే కూర్చున్నాను. పబ్లిక్ ల్యాండ్ అంటే అందరిదీ, దాచుకోవడమేంటి, పిసినారితనం అని రాయబోయి ఆగాను. ఒక్క పిన్ గ్రూపులో పడితే ఓపెనింగ్ డే ఉదయం ఒకే వాగు దగ్గర ఏడెనిమిది కార్లు ఆగుతాయి. అప్పుడు పైన చెప్పిన గొడవలన్నీ అక్కడే పుడతాయి. కాబట్టి ఈ సూత్రం సరైనదే. కొత్తవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి చూపించండి, పిన్ మాత్రం పంపకండి. ఈ సందేశాన్ని మొదట నాకు పంపిన పెద్దమనిషి అదే రోజు మా గ్రూపులో జింకల రాకపోకలు చూడటానికి అడవిలో కట్టిన తన ట్రెయిల్ కెమెరా ఫోటో పెట్టారు. లొకేషన్ కింద స్పష్టంగా ఉంది. తీసేయమని విడిగా మెసేజ్ పెట్టాను, ఇంకా చూసుకోలేదు.