మహారాజశ్రీ లేజరు సూచనల కాగితం గారికి

మహారాజశ్రీ చికిత్సానంతర సూచనల కాగితం గారి దివ్యసముఖమునకు, వెంట్రుకలు పోగొట్టుకోవడానికి లేజరు చికిత్స చేయించుకొని, తమ ఆజ్ఞలను పదకొండు రోజులుగా తు.చ. తప్పకుండా పాటిస్తున్న ఒక గడ్డం తరఫున దాని యజమానురాలు చేసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి మొదలుపెడుతున్నాను గాని, ఈ ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే. తమరు అద్దం కింది సొరుగులో నాలుగు మడతల మీద చల్లగా పడుకొని ఉండగా, నేను ఈ మధ్యాహ్నం సెలవు పెట్టి, గడ్డానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకొని, చర్మవైద్యురాలి గది బయట మూడు గంటలు కూర్చొని, లోపలికి వెళ్లిన రెండు నిమిషాల్లోనే తలవంచుకొని బయటికి వచ్చాను. దానికి మూలకారణం తమరే గనుక, జరిగినది తమ దృష్టికి తీసుకురావడం నా విధి.

"డాక్టరు గారూ, డబ్బూ పోయింది, నొప్పీ పడ్డాను, అన్నీ మళ్లీ మొలిచాయి" అని నా వాదన నేను వినిపించాను. సాక్ష్యం గడ్డం మీదే ఉంది: నల్లగా, బిరుసుగా, గరుకు కాగితంలా. ఆవిడ మారుమాట లేకుండా పట్టకారు తీసి ఒక వెంట్రుకను ముట్టుకున్నారు. లాగలేదు, ముట్టుకున్నారంతే. వెన్నలోంచి తీసినట్టు వచ్చేసింది. "ఇవి మొలిచినవి కావమ్మా, చచ్చినవి. బయటికి వచ్చి రాలిపోతున్నాయి. కాగితంలో రాసి ఉంటుందే, చదవలేదా?" అన్నారు. లేజరు కాల్చిన రోజున కూడా నా ముఖం అంతగా ఎర్రబడలేదు.

ఇంటికి వచ్చి చదివాను. తమరి ముందువైపు నాకు కంఠతా వచ్చు. వెనకవైపు, చిట్టచివర, తరువాతి తేదీ రాసుకోవడానికి వదిలిన గీత కింద, చీమ తలకాయంత అక్షరాలతో తమరు సెలవిచ్చిన వాక్యం ఇది: "చికిత్స తరువాత కొన్ని రోజులపాటు వెంట్రుకలు పెరుగుతున్నట్లు కనిపించవచ్చు." అద్దం ముందు నేను పడిన యాతన అంతా తమరి లెక్కలో ఏడు మాటలు.

జరిగేదేమిటో తమరికి తెలియక కాదు. లేజరు కాంతి వెంట్రుకలోని నల్లని రంగును, అంటే మెలనిన్‌ను, వెతుక్కుంటూ చర్మంలోకి దిగుతుంది. ఆ రంగు కాంతిని పీల్చుకొని వేడెక్కితే, ఆ వేడికి వెంట్రుక మొలిచే కుదురు దెబ్బతింటుంది. కుదురు దెబ్బతిన్నంత మాత్రాన వెంట్రుక అక్కడికక్కడే మాయమైపోదు. ముందుగానే షేవింగ్ చేసి ఉంచుతారు కాబట్టి పైన ఏమీ కనిపించదు గాని, లోపల దాని తునక మిగిలే ఉంటుంది. చర్మం ఆ తునకను ఒకటి నుంచి మూడు వారాలపాటు నెమ్మదిగా పైకి నెట్టుకుంటూ వస్తుంది. అలా తల పైకెత్తిన ప్రతి తునకా, చూసేవాళ్లకు అచ్చం కొత్త మొలకలాగే ఉంటుంది. ఉన్న తేడా అల్లా, అది పొడుగు పెరగదు, ఒకనాడు ముఖం కడుక్కుంటూ ఉండగా చేతికి వచ్చేస్తుంది. ఇంత కథను 'పెరుగుతున్నట్లు కనిపించవచ్చు' అని తేల్చేయడం, శవయాత్రను చూపించి 'ఊరేగింపులా కనిపించవచ్చు' అన్నట్టుంది.

తొమ్మిదో రోజున ఆఫీసులో ఒకావిడ ఎంతో ఆప్యాయంగా "గడ్డం మీద ఏదో మసి అంటుకుందండీ" అంటూ తన రుమాలు ఇచ్చారు. తుడుచుకున్నట్టు నటించి, తిరిగి ఇచ్చేశాను. తెలుగులో గడ్డానికీ గడ్డానికీ ఒకే మాట ఉండటం ఎంత అన్యాయమో ఆ పూట నాకు అర్థమైంది.

తమరి తక్కిన సుభాషితాల గురించి ఎక్కువ చెప్పను. 'రబ్బరు బ్యాండుతో తట్టినట్లు ఉంటుంది' అన్నారు. ఆ రబ్బరు బ్యాండును నిప్పుల మీద కాల్చి తెచ్చి, పై పెదవి మీద వరసగా కొడతారని చెప్పడం మరిచారు. కాలిన వెంట్రుకల కమురు వాసన సంగతి అసలు ఎత్తలేదు. 'ఎండ తగలరాదు, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు గంటలకొకసారి రాయవలెను' అన్నది న్యాయమే. వేడి తగిలిన చర్మానికి ఎండ కూడా తోడైతే నల్లమచ్చలు పడతాయనీ, అవి పోవడానికి నెలలు పడుతుందనీ నాకు తెలుసు. వేడినీళ్ల స్నానం, ఆవిరి, ఈత, వ్యాయామం ఒకటి రెండు రోజులు మానమన్నారు. వ్యాయామం విషయంలో మాత్రం తమరి మాటను నేను నేటికీ జవదాటలేదు. ఇక తెల్ల వెంట్రుకల మీద లేజరు పనిచేయదన్న చిన్న సమాచారం: వాటిలో రంగు లేదు గనుక అవి లేజరుకు కనపడవు, ఎదురుగా కూర్చున్న మనుషులకు మాత్రం చక్కగా కనపడతాయి.

క్లినిక్‌లో తమరి నెత్తిమీద గోడకు వేలాడే పోస్టరు 'శాశ్వత తొలగింపు' అంటుంది. తమరు మాత్రం నాజూకుగా 'తగ్గింపు' అంటారు. అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా లేజరు యంత్రాలను 'శాశ్వత తగ్గింపు' అని మాత్రమే చెప్పుకోనిస్తుంది, 'తొలగింపు' అననివ్వదు. అంటే నిజం చెప్పేది తమరే. కానీ ఆ నిజం డబ్బు కట్టిన తరువాత చేతికి వస్తుంది, అబద్ధం డబ్బు కట్టకముందే కంటికి కనిపిస్తుంది. ఒకే గదిలో ఇద్దరూ ఇన్నాళ్లుగా ఎలా కాపురం చేస్తున్నారో నాకు అంతుపట్టదు.

నన్ను బాధించే అసలు సంగతి ఇది కాదు. తమరి వెనక ఉన్న శాస్త్రం ఎంత కచ్చితమైనదో ఒక్కసారి తలుచుకోండి. చుట్టుపక్కల చర్మాన్ని వదిలేసి, ఎంచుకున్న రంగు మీద మాత్రమే కాంతితో దెబ్బ కొట్టవచ్చని ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు పరిశోధకులు 1983లో 'సైన్స్' పత్రికలో నిరూపించారు. నాలాంటి నల్లని చర్మం కాలకుండా ఉండాలంటే కాంతి తరంగం పొడవు ఎంత ఉండాలో తరువాతివాళ్లు లెక్క కట్టారు: ఎన్‌డీ యాగ్ అనే రకం లేజరుకు అది 1064 నానోమీటర్లు, పైచర్మంలోని రంగుకు అంతగా చిక్కకుండా లోతుకు దిగుతుంది. ఆ కాంతి ఎంతసేపు వెలగాలో సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. ఏ క్షణంలో చూసినా కొన్ని వెంట్రుకలే ఎదిగే దశలో ఉంటాయి, తక్కినవి విశ్రాంతిలో ఉంటాయి; కాంతి దెబ్బ బాగా తగిలేది ఎదిగేవాటికే. అందుకని ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో పలుమార్లు రమ్మంటారు. ఇన్ని లెక్కలు వేసిన తరువాత, రోగి చేతిలో పెట్టే కాగితం మీద కాలానికి కొలమానం ఏమిటి? 'కొన్ని రోజులు.' వెయ్యో వంతు సెకను దగ్గర మొదలైన శాస్త్రం నా గడ్డం దగ్గరికి వచ్చేసరికి 'కొన్ని' అయిపోయింది.

ఆ తరువాత, తమరి 'వచ్చు'. ఎర్రబడవచ్చు, వాయవచ్చు, మండవచ్చు, దురద పెట్టవచ్చు, బొబ్బలు రావచ్చు, మచ్చలు పడవచ్చు, కనిపించవచ్చు. లెక్కపెడితే రెండు వైపులా కలిపి పదహారు 'వచ్చు'లు తేలాయి. తెలుగులో ఈ మాటకు ఎన్ని వేషాలున్నాయో తమరికి తెలియనిది కాదు. 'షేవింగ్ చేసుకోవచ్చు' అంటే అనుమతి. 'బొబ్బలు రావచ్చు' అంటే? బొబ్బలకు కూడా తమరు అనుమతి ఇచ్చేశారా? ఈత వచ్చు అన్నవాణ్ని చెరువులోకి తోస్తే వచ్చో రాదో తేలిపోతుంది, తమరి 'వచ్చు'ను ఎక్కడికి తోస్తే నిజం తేలుతుందో చెప్పండి.

ఎర్రదనం, కుదుళ్ల చుట్టూ చిన్న పొంగులు దాదాపు అందరికీ వచ్చేవే. కొన్ని గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో తగ్గిపోతాయి. అవి కనిపిస్తే కాంతి కుదురుకు తగిలిందని వైద్యులు సంతోషిస్తారు కూడా. దానికీ 'వచ్చు' అనే అన్నారు. బొబ్బ అరుదు, అది వస్తే వెంటనే వైద్యుని దగ్గరికి పరుగెత్తాలి. దానికీ 'వచ్చు' అనే అన్నారు. చచ్చిన వెంట్రుకలు పైకి రావడం దాదాపు ప్రతివారికీ జరిగేది. ముఖం మీద, మెడ మీద, ముఖ్యంగా నల్లని చర్మం వాళ్లకు, హార్మోన్ల తేడాలున్న స్త్రీలకు, కొద్దిమందిలో లేజరు తగిలిన చోటో దాని అంచునో వెంట్రుకలు నిజంగానే ఎక్కువ కావడం కూడా ఉంది. ఆ రెండింటికీ కలిపి తమరి దగ్గర ఉన్నది ఒకే ఒక్క 'వచ్చు'.

మరి రాత్రి పదకొండు గంటలకు అద్దం ముందు నిలబడి, గడ్డం మీద చేయి వేసుకొని, ఇది ఏ 'వచ్చు' అని నేను ఎవరిని అడగాలి? నువ్వు చెప్తావా? రాలేవాటినీ పెరిగేవాటినీ ఒకే గాట కట్టి చేతిలో పెట్టి, నోరు మూసుకొని సొరుగులో పడుకున్నావే, నీకు సిగ్గుగా లేదూ? 'ఇవి పెరగడం లేదు, మూడు వారాల్లో రాలిపోతాయి, భయపడకు' అని రాయడానికి ఎంత సిరా అవుతుంది? నిజంగా ఎక్కువైతే అది నెలల మీద, కొన్ని విడతల తరువాత తెలిసే సంగతి గాని, పదకొండో రోజున తేలేది కాదని ఆ డాక్టరు గారు ఒక్క వాక్యంలో చెప్పారు. ఆ ఒక్క వాక్యం కోసం నేను ఒక పూట సెలవూ, ఉన్న కాస్త పరువూ ఖర్చుపెట్టాను. నీకు అన్నీ తెలుసు. తెలిసీ, రేపు ఎవరూ నిలదీయకుండా ఉండటానికి, ప్రతి క్రియాపదానికీ ఒక 'వచ్చు' తగిలించి తప్పుకున్నావు.

కాస్త గొంతు పెరిగినందుకు క్షమించమని అడగను.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఎనిమిదో రోజు రాత్రి నేను పట్టకారు చేతిలోకి తీసుకున్నాను. ఒక్కొక్కటిగా పీకి పారేద్దామనే కూర్చున్నాను. చెయ్యి ఎత్తి కూడా ఆగాను, ఎందుకంటే నీ ముందువైపు, నడుమ, బొద్దు అక్షరాల్లో ఇలా ఉంది: "వ్యాక్సింగు, థ్రెడింగు, పట్టకారుతో పీకడం చేయరాదు." 'చేయకపోవడం మంచిదని భావించవచ్చు' అని నువ్వు నసగలేదు. బతికి ఉన్నవాటిని కూడా వేరుతో సహా లాగేస్తే, మరుసటి విడతలో లేజరుకు తగలడానికి అక్కడ ఏమీ ఉండదని రెండో వాక్యంలో కారణం కూడా చెప్పావు. ఆ రాత్రి నువ్వు లేకపోతే నేను ఏం చేసేదాన్నో నాకు తెలుసు. అంటే నీకు 'రాదు' అనడం బాగానే వచ్చు. మిగతా చోట్ల అంత తెగువ ఎందుకు లేదన్నదే నా బాధ.

అందుచేత, నీ ఆమోదం కోసం ఆగకుండా, ఈ సాయంత్రం నేను ఎర్ర పెన్ను తీసుకొని వెనకవైపు ఆ చీమతలకాయ వాక్యంలో 'కనిపించవచ్చు'ను కొట్టేసి 'కనిపిస్తాయి' అని దిద్దాను. 'కొన్ని రోజులపాటు' మీద 'మూడు వారాల దాకా' అని రాశాను. దాని పక్కన ఖాళీ చాలలేదు గాని, అడ్డంగా తిప్పి, అంచు వెంబడి 'పీకకు, డాక్టరు దగ్గరికి పరుగెత్తకు, బొబ్బ కనిపిస్తే మాత్రం పరుగెత్తు' అని కూడా చేర్చాను. తరువాతి తేదీ గీత మీద వేసుకున్నాను, ఇంకా నాలుగు వారాల వ్యవధి ఉంది. ఈసారి నిన్ను సొరుగులో పెట్టడం లేదు, వెనకవైపు పైకి వచ్చేట్టు అద్దం అంచున దోపుతున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు కాకపోయినా, తమ సూచనలకు విధేయురాలు.

తా.క.: ఉత్తరం ముగించే ముందు ముఖం కడుక్కున్నాను. తువ్వాలు మీద తొమ్మిది రాలాయి.