పది రోజులకో ట్యూబు

మొన్న బెజవాడ సూర్యారావుపేటలో ఒక మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడాల్సి వచ్చింది. నా ముందు ఒక ఇంటర్ కుర్రాడు. అటూ ఇటూ చూసుకుని, కౌంటర్ మీదికి వంగి, "అన్నా, మొటిమలకి ఏదన్నా క్రీమ్ ఉంటే ఇవ్వవా" అన్నాడు. షాపతను వాడి ముఖం వైపు సరిగ్గా చూడనన్నా చూడలేదు. చెయ్యి వెనక్కి వెళ్లింది, ట్యూబు వచ్చింది. "రాత్రి పడుకునే ముందు రాయి. నాలుగు రోజుల్లో క్లియర్."

నేను చూశాను. నుదుటి మీద ఇసుక చల్లినట్టు సన్నటి పొక్కులు, ముక్కు పక్కన నల్ల చుక్కలు, గడ్డం మీద ఒకటో రెండో ఎర్రటివి. డాక్టర్ దగ్గరికి పరిగెత్తేంత జబ్బు కాదు. అలాగని అద్దం ముందు మర్చిపోయేంత చిన్నదీ కాదు. ఇలాంటి ముఖం ఎవరికీ పట్టదు. ఇంట్లో అడిగితే "వయసు మొటిమలే, పెళ్లయితే అవే పోతాయి" అంటారు. ముప్ఫై దాటి, ఇద్దరు పిల్లల తల్లులయ్యాక కూడా దవడ కింద మొటిమలతో వేగుతున్న ఆడవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు, వాళ్లనడిగితే తెలుస్తుంది పెళ్లి ఏపాటి మందో. పార్లర్‌కి వెళ్తే ఫేషియల్. పెద్ద బోర్డున్న క్లినిక్‌కి వెళ్తే ఆరు సిటింగ్‌ల ప్యాకేజీ. ఈ మూడింటి మధ్యలో అందరికీ అందుబాటులో ఉన్న డాక్టర్ మందుల షాపతనే. ఆయన నోట వచ్చిన ఆ "నాలుగు రోజులు" దగ్గరే నాకు పేచీ.

బెజవాడ వాళ్లకి కాలువల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. బందరు కాలువలోనో రైవస్ కాలువలోనో పైన తేలే చెత్త ఎంత తీసినా అడుగున పూడిక అలాగే ఉంటే నీళ్లు పారవు. చర్మం మీద రంధ్రమూ అంతే. ప్రతి రంధ్రం లోపల ఒక వెంట్రుక కుదురు, దానికి ఆనుకుని నూనె గ్రంథి ఉంటాయి. లోపలి గోడ నుంచి రాలే చనిపోయిన కణాలు మామూలుగా ఆ నూనెతో పాటు బయటికి వచ్చేస్తాయి. కొందరిలో అవి రాలకుండా ఒకదానికొకటి అతుక్కుని బిరడాలా బిగుసుకుంటాయి. మూతి తెరుచుకుని ఉంటే బ్లాక్ హెడ్, మూసుకుపోతే వైట్ హెడ్. వెనకాల నూనె పేరుకుంటుంది, అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది, ఒళ్లు దాని మీద యుద్ధం మొదలెడుతుంది. అప్పుడు ఎర్రబడి, సలిపి, మనకి కనబడేది మొటిమ.

బ్లాక్ హెడ్‌లో నలుపు మురికి వల్ల రాదు. బిరడాలోని మెలనిన్, గాలి తగిలి మారిన నూనె కలిసి ఇచ్చే రంగు అది. అందుకే ముఖం రోజుకి ఆరుసార్లు కడిగినా, గరుకు స్క్రబ్‌తో తోమినా పోదు, చర్మం మాత్రం మండుతుంది. ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయి, ఐసు ముక్క రుద్దితే మూసుకుంటాయి అనేది కూడా పార్లర్ మాటే. తెరిచి మూయడానికి వాటికి కండరం లేదు. బిరడా పోతే రంధ్రం కాస్త చిన్నగా కనబడుతుంది, అంతే.

ఇక్కడ అసలు కిటుకు ఒకటుంది. ఇవాళ అద్దంలో కనబడిన మొటిమ ఇవాళ పుట్టింది కాదు. కంటికి కనబడని బిరడాగా కొన్ని వారాల కిందటే మొదలై ఉంటుంది. కాబట్టి లేచిన మొటిమ మీద చుక్క పెట్టడం వరద వచ్చాక ఇసుక బస్తాలు వేయడమే. దాని పక్కన, ఇంకా నున్నగా కనబడుతున్న చోట, వచ్చే నెల మొటిమలు కూర్చుని ఉన్నాయి. మందు వాటికి వేయాలి.

ఆ పని చేసే మందు కొత్తదేం కాదు. విటమిన్ ఏ కుటుంబానికి చెందిన ట్రెటినాయిన్‌ని అమెరికాలో 1971లోనే మొటిమలకి ఆమోదించారు. దానికంటే కాస్త మెత్తనిది అడాపలీన్, 1996లో వచ్చింది. 2016లో 0.1 శాతం అడాపలీన్ జెల్‌ని అక్కడ డాక్టర్ చీటీ లేకుండానే కొనుక్కోవచ్చన్నారు. ఇవి లోపలి కణాలు అతుక్కోకుండా చేస్తాయి, అంటే పూడిక పడకుండానే చూస్తాయి. తోడుగా బ్యాక్టీరియాకి బెంజాయిల్ పెరాక్సైడ్, 2.5 శాతం చాలు. ఎక్కువ శాతమున్నది కొంటే పెరిగేది మంటే. రెటినాయిడ్, అంటే ఈ విటమిన్ ఏ కుటుంబం మందు, పడని వాళ్లకి శాలిసిలిక్ యాసిడ్, అజెలాయిక్ యాసిడ్ ఉన్నాయి. బెంజి సర్కిల్ హోర్డింగుల మీద ఈ పేర్లు కనబడవు. ఒక ఫేషియల్ డబ్బుకి నెలల తరబడి వచ్చే మందుకి హోర్డింగ్ ఎవడు కడతాడు?

వాడే పద్ధతి తెలియకే చాలామంది అడాపలీన్‌ని మధ్యలో పారేస్తారు. ముఖం కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. బఠాణీ గింజంత జెల్ చాలు, మొత్తం ముఖానికి. నుదుటి మీద, రెండు బుగ్గల మీద, గడ్డం మీద చుక్కలు పెట్టి పల్చగా పరచాలి, కళ్ల పక్కన, పెదాల అంచున వదిలేసి. మొదట్లో రోజు విడిచి రోజు. రెండో వారానికి చర్మం పొట్టు లేస్తుంది, చురుక్కుమంటుంది, ఒక్కోసారి మొటిమలు ముందుకంటే ఎక్కువైనట్టు కూడా అనిపిస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే "ఇది నాకు పడలేదు" అని ట్యూబు మార్చేస్తారు. ఫలితం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు కావాలి. మన వాళ్లు పది రోజులకో ట్యూబు లెక్కన ఆ మూడు నెలల్లో తొమ్మిది మందులు మారుస్తారు, ఒక్కటీ పని చేసేంత కాలం ఉండదు. గర్భంతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు రెటినాయిడ్ జోలికి పోకూడదు. ఇక మన ఎండలో పగలు సన్‌స్క్రీన్ రాయాల్సిందే. మన రంగు చర్మంలో మొటిమ వారంలో పోయినా దాని మచ్చ నెలల తరబడి ఉంటుంది, ఎండ దాన్ని ఇంకా ముదురు చేస్తుంది.

మరి నాలుగు రోజుల్లో క్లియర్ చేసే ట్యూబులో ఏముంటుంది? చాలాసార్లు స్టెరాయిడ్. ట్యూబు వెనక సన్నటి అక్షరాల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి పేర్లుంటాయి. ఎరుపుని, వాపుని ఒక్క దెబ్బకి అణిచేస్తుంది కాబట్టి మహిమలా ఉంటుంది. ఆపగానే రెట్టింపుగా తిరగబెడుతుంది, మళ్లీ రాస్తాం. కొన్ని నెలలకి చర్మం పలచబడి ఎర్రటి సన్నని నరాలు బయటపడతాయి, ముఖం మీద నూగు వస్తుంది. గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో నేనూ ఎనిమిది నెలలు రాశాను, ఇలాగే ఒక కౌంటర్ మీద ఇచ్చిందే. మధ్యాహ్నం అరండల్‌పేటలో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే ముఖం మీద కారం పూసినట్టుండేది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేనిదే అమ్మకూడదు. సూర్యారావుపేటలో ఆ కుర్రాడిని చీటీ ఏదని ఎవరూ అడగలేదు. ఉత్త క్లిండమైసిన్ జెల్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. యాంటీబయాటిక్‌ని ఒంటరిగా నెలల తరబడి రాస్తే బ్యాక్టీరియా దానికి అలవాటు పడుతుంది తప్ప పూడిక కదలదు.

కారం గురించి కూడా ఒక మాట. మిర్చి యార్డున్న ఊళ్లో పుట్టాం కాబట్టి మొటిమ లేస్తే ముందు పచ్చడి జాడీనే అనుమానిస్తాం, "వేడి చేసింది" అంటాం. కారానికీ మొటిమకీ ముడి వేసే గట్టి ఆధారం లేదు. తీపి పానీయాలు, పాలు, జిమ్ కుర్రాళ్లు తాగే వే ప్రోటీన్, వీటి మీద అనుమానం ఎంతో కొంత నిజం. తలకి దట్టంగా పట్టించిన నూనె నుదుటి మీదికి దిగి రంధ్రాలని పూడ్చే మాటా నిజమే. ఆవకాయని మాత్రం వదిలేయొచ్చు.

గడ్డలు కట్టి నొప్పి పెడుతున్నా, గుంటలు పడుతున్నా, నెలసరి తప్పుతూ దవడ పొడుగునా వస్తున్నా ఈ సొంత వైద్యం వద్దు, నేరుగా స్కిన్ డాక్టర్ దగ్గరికే.

మా మేనకోడలు విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుతోంది. డాక్టర్‌కి చూపిస్తే అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసిన జెల్ రాశారు. మూడో వారం ఫోన్ చేసి ఏడ్చింది, ఆపేస్తానంది. అయిదో వారం అసలు ఫోనే లేదు. తొమ్మిదో వారంలో చేసింది. "మామయ్యా, నీ మందు వల్ల కొత్త దిండు గలీబు నిండా తెల్ల మచ్చలు పడ్డాయి, అమ్మ తిడుతోంది."

"బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే రంగు పోతుంది, తెల్ల గలీబు వాడు. మరి ముఖం మీద?"

"ముఖానికేం, బానే ఉంది. గలీబు సంగతి చెప్పు ముందు."