పామూరు దాటాక నిలబడ్డ కాఫీరంగు బోర్డు గారికి

మహారాజశ్రీ బోర్డు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. నిజానికి మా ఆవిడ నడుము పట్టు ఇంకా వదల్లేదు, కారు కింద సైలెన్సరు వేలాడుతోంది, బావమరిది నెల్లూరు చేరాక నా ఫోన్ ఎత్తడం మానేశాడు. తమరు మాత్రం కులాసాగానే ఉంటారు, సందేహం లేదు. రోడ్డు రెండుగా చీలే చోట ఒంటికాలి మీద నిలబడి, వచ్చేపోయేవాళ్ళకు దారి చూపించే పుణ్యకార్యంలో మునిగి ఉంటారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం తమరి బాణం చూసి, దణ్ణం పెట్టినంత పని చేసి, అటే కారు తిప్పిన వాళ్ళం మేము. అలా తిప్పినవాళ్ళు మేమొక్కరమే కాదని తర్వాత తెలిసింది. ఆ సంగతి కింద మనవి చేసుకుంటాను.

అసలు కొండ తొలిచిన గుళ్ళు, జలపాతం ఉన్న భైరవకోనకు పోదామని తేలడానికే మా ఇంట్లో ఒక పూట పట్టింది. సంక్రాంతికి బావమరిది కుటుంబం నెల్లూరు నుంచి కందుకూరు వచ్చింది. పండగ అయ్యాక చుట్టాలను ఎటైనా తిప్పకపోతే మర్యాదగా ఉండదు కదా. మైపాడు పేరెత్తితే వాళ్ళు మూతి తిప్పారు, అది వాళ్ళ ఊరి సముద్రమే. (మైపాడుకు తమరి జాతి అవసరం కూడా లేదు. ఆదివారం సాయంత్రం నెల్లూరు బైకులన్నీ ఎటు పోతుంటే అటు పోతే కాళ్ళకు ఇసక తగులుతుంది.) రామాయపట్నం అంటే ఇప్పుడక్కడ పోర్టు పనులు తప్ప ఏముందన్నారు. ఉదయగిరి దుర్గం ఎక్కుదామంటే మా ఆవిడ, ఆమె వదిన ఒకరి మోకాళ్ళు ఒకరు చూసుకున్నారు. శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికే ఆ కోట పట్టుకోవడానికి ఏడాదిన్నర పట్టింది, మనకు ఆదివారం ఒక్కటే ఉంది అని బావమరిది తీర్పు చెప్పాడు. ఇంతలో వాళ్ళ అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. కొండ మీంచి నీళ్ళు దబదబా దూకుతున్నాయి, వెనక ఫ్లూటు, కింద 'స్వర్గం' అన్న అక్షరాలు. ఏ నవంబరు వానల్లోనో తీసిన వీడియో అది. జనవరిలో ఆ స్వర్గం సన్నగిల్లి ఉంటుందని ఎవరికీ తోచలేదు. భైరవకోన ఖాయమైంది.

కందుకూరులో బయల్దేరినప్పటి నుంచి తమరి బంధువర్గం మర్యాదకు లోటు చేయలేదు. ఉన్నది ఒకటే రోడ్డు. కుడి పక్కన కంది చేను, ఎడమ పక్కన పొగాకు తోట. తప్పిపోదామన్నా సందు లేని చోట మీవాళ్ళు పెళ్ళిపందిట్లో తాంబూలాలిచ్చే వాళ్ళలా వరసగా నిలబడి 'ఇటే, ఇటే' అంటూ సాగనంపారు. ఒకాయన చెప్పిన దూరానికీ కాస్త ముందు రెండో ఆయన చెప్పిన దూరానికీ పొంతన కుదరలేదు. మేం ముందుకు పోయేకొద్దీ ఊరు వెనక్కి జరిగింది. సర్దుకున్నాం. ఇంకొకాయన మొహానికి ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. నమస్కారం పెడుతున్న ఆ నాయకుడి చంకలోంచి బాణం కొస మాత్రం తొంగి చూస్తోంది. అదీ సర్దుకున్నాం. దారిలో మాలకొండ నరసింహస్వామి గుడి తగిలింది. ఆ స్వామి శనివారం తప్ప మిగతా రోజుల్లో తలుపు తీయడని ఈ చుట్టుపక్కల పసిపిల్లాడికి కూడా తెలుసు. దూరం నుంచి వచ్చేవాళ్ళకు తెలియదు. ఆ ఒక్క ముక్క మీవాళ్ళు ఒంటి మీద పెద్దగా రాయించుకుంటే ఎంతమందికి పెట్రోలు మిగులుతుందో!

ఇవన్నీ చిల్లర సంగతులు. అసలు సంగతి తమరే.

ఫోన్‌లో దారి చూపే అమ్మాయి పామూరు దాకా బాగానే మాట్లాడింది. ఊళ్ళ పేర్లు నమిలి మింగినా దారి మాత్రం తప్పు చెప్పలేదు. ఆ తర్వాత సిగ్నల్ పోయింది. మ్యాప్ ముందే ఫోన్‌లోకి దించుకోవచ్చు కదా బావా, అని బావమరిది అప్పుడు సెలవిచ్చాడు, తన ఫోన్‌లోనూ దించుకోకుండా. సిగ్నల్ లేకపోయినా పైన ఉపగ్రహానికి మనం ఎక్కడున్నామో తెలుస్తూనే ఉంటుంది, కిందున్న బొమ్మ మాత్రమే రాదు. కాబట్టి నీలం చుక్క ఒకటి తెల్లటి ఖాళీలో పాకుతూ పోయింది. రోడ్డు లేదు, ఊరు లేదు, చుక్క ఉంది. ఆ స్థితిలో రోడ్డు రెండుగా చీలింది, అక్కడ తమరు కనబడ్డారు. ఎంత పొంగిపోయామో చెప్పలేను. 'గవర్నమెంటు బోర్డు ఉండగా ఈ ఫోన్లెందుకు' అన్నాడు బావమరిది.

తమరి కులానికి ఒక శాస్త్రం ఉందని నాకు తెలుసు. 1934లో పుట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, రోడ్డు మీద ఏ బోర్డు ఎలా ఉండాలో 67వ నంబరు నియమావళిలో రాసిపెట్టింది. చూడదగ్గ స్థలాలకు కాఫీరంగు మీద తెల్ల అక్షరాలు, అది తమరి యూనిఫాం. కూడలి రాకముందే 'మలుపు ఉంది, చూసుకోండి' అనడానికి ఒకరుండాలి. కూడలిలో చెయ్యి చాపి 'ఇదిగో, ఇటు' అనడానికి ఇంకొకరుండాలి. మలుపు దాటాక 'కంగారు పడకండి, సరైన దారిలోనే పోతున్నారు' అని ధైర్యం చెప్పడానికి మూడో ఆయన ఉండాలి. దారి తెలియని మనిషికి మలుపు తర్వాతే గుండెదడ మొదలవుతుందని ఎవరో కనిపెట్టి, దానికోసం ఒక బోర్డు పెట్టమన్నారు చూడండి, అలాంటి మనసున్నవాళ్ళు ఆఫీసుల్లో కూడా ఉంటారు. ఆ మూడో ఆయన మా వైపు రోడ్ల మీద ఇంకా పుట్టలేదు. మొదటి ఆయన్ని ఎవరో పాత ఇనుముకు అమ్ముకున్నట్టున్నారు. మిగిలింది తమరు. మూడు ఉద్యోగాలూ తమరి మీదే పడ్డాయని తెలిసి, తమరేం చేశారు?

పక్కకు తిరిగి నిలబడ్డారు.

మేం పోతూనే ఉన్నాం. తమరి తప్పును ముందుగా పట్టిచ్చింది మీ పెద్దన్న మైలురాయి. పసుపు తల అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్రానిది. మాకు ఎదురైన రాయికి నారింజరంగు తల, అంటే పల్లెల రోడ్డు. ఆయన బాణాలు చూపించడు, తెలిసింది ఒక అక్షరం, ఒక అంకె. పాతిన చోటే ఉంటాడు, అబద్ధం చెప్పడు. రాయి మీద భైరవకోన పేరు లేదు. బావమరిది కూతురు వెనక సీట్లోంచి 'మామయ్యా, కొండలు వెనక్కి పోతున్నాయి' అంది. చిన్నపిల్లవి నీకేం తెలుసని వాళ్ళ నాన్న కసిరాడు. అద్దంలో చూస్తే కొండలు నిజంగానే వెనక్కి పోతున్నాయి. తారు రోడ్డు మట్టి రోడ్డయింది, మట్టి రోడ్డు జామాయిల్ తోట అయింది, జామాయిల్ తోట చివర, ఆకు ఎండబెట్టే ఒక పొగాకు బ్యారన్ ముందు ఆగిపోయింది. సైలెన్సరు ఊడింది అక్కడే.

నీడలో కూర్చుని ఆకు కర్రలకు కడుతున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి తలెత్తను కూడా ఎత్తలేదు. ఒక పెద్దాయన మంచం మీంచి లేచాడు.

"బైరాకోనకా?"

మేమింకా నోరు తెరవలేదు.

"ఆ బోర్డు జూసి తిరిగుంటారు. అందరూ ఇట్టనే వస్తా ఉంటారు సార్. లారీ తగిలి తిరిగిపోయింది అది."

"మరి ఎవరూ సరిచేయలేదా?"

"మాకు దారి తెలుసు గదా!"

ఇంత నిజమైన జవాబుకు ఎదురు చెప్పడం నా వల్ల కాలేదు. పక్కనే ఒక బడ్డీకొట్టు ఉంది. మట్టిరోడ్డు చివర, ఊరికి దూరంగా, జామాయిల్ తోటకు కాపలాగా ఈ కొట్టెందుకా అనుకున్నాను. ఐసుపెట్టె నిండా సోడాలు, కూల్‌డ్రింకులు. తమరి చలవేనట. ఆదివారాలు బేరం బాగుంటుందట. తమరిని ఎవరైనా సరిచేస్తే ముందు బాధపడేది అతనే. అక్కడే బ్యారన్ గోడ నీడన కూర్చుని, కొండ దగ్గర తిందామని కట్టుకున్న పులిహోర, పెరుగన్నం ఖాళీ చేశాం. పచ్చి పొగాకు వాసనలో పులిహోర ఎలా ఉంటుందో అడగొద్దు.

మనుషులు చెప్పే దారి తమరికంటే మెరుగని అనను. పెద్దాయన చెప్పిన దారి ఇదీ: "నేరుగా బోండి, సచివాలయం వస్తది. అది దాటినాక యాపచెట్టు ఉండేది, ఇప్పుడు కొట్టేశార్లెండి. ఆ చెట్టు కాడ కుడి చేతికి తిరగండి." లేని చెట్టు దగ్గర తిరగడం మాకు చేతకాదని ఆయనకే అర్థమైంది. మనవడిని బండి తీయమన్నాడు. ఆ కుర్రాడు టీవీఎస్ మీద ముందు పోతూ, ప్రతి మలుపులో ఆగి వెనక్కి చూస్తూ, మేం తిరిగామని తెలిశాకే కదులుతూ, అసలు రోడ్డు దాకా దిగబెట్టాడు. నియమావళిలో రాసిన మూడు ఉద్యోగాలూ ఒక్కడే చేశాడు. పెట్రోలుకని నోటు ఇవ్వబోతే "వద్దన్నా" అని వెళ్ళిపోయాడు.

భైరవకోన చేరేసరికి పొద్దు వాలిపోయింది. మొదట మాకు స్వాగతం పలికింది ఎవరనుకున్నారు? మీ జాతి పెద్దాయనే. గుడి ముందర, కొండ కళ్ళెదుట కనబడుతున్న చోట, రెండు కాళ్ళ మీద నిటారుగా, ఒక్క గీత పడకుండా, 'భైరవకోన' అని రాసుకుని. అక్కడికి వచ్చినవాడికి అది చెప్పాలా? దాన్ని చూశాక నాలో మర్యాద అడుగంటింది.

ఒకటే కొండ, దాన్ని తొలిచి ఎనిమిది శివాలయాలు. క్రీస్తుశకం ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివంటారు. వాటిలో ఏడు తూర్పుకు చూస్తుంటాయి, ఒకటి ఉత్తరానికి. చీకట్లో ఫోన్ లైటు వేసుకుని చూశాం, ఎంత కనబడితే అంత. స్తంభాలు, ద్వారపాలకులు, నంది, అన్నీ ఒకే రాతిలోంచి తీసినవి. చెక్కినవాళ్ళకు సిమెంటు లేదు, క్రేను లేదు, టెండరు లేదు. ఉలి పట్టుకుని తూర్పు అనుకున్నది తూర్పుకే నిలబెట్టారు, పన్నెండు వందల ఏళ్ళకు పైగా అది అటే ఉంది. నువ్వు రేకు ముక్కవి. నీకున్నది ఒక్క కాలు, ఒక్క బాణం, ఒక్క పని. లారీ ఒకటి రాసుకుపోతే దిక్కు మర్చిపోతావా? కార్తీక పౌర్ణమి నాడు వెన్నెల సరిగ్గా వచ్చి అక్కడి త్రిముఖ దుర్గమ్మ మీద పడుతుందని చెప్తారు. చంద్రుడు నిన్ను చూసుకుని బయల్దేరడు కాబట్టి సరిపోయింది.

జలపాతం సంగతి అడక్కు. సన్నటి ధార, దాని ముందు ఫోన్లు పట్టుకున్న జనం. బావమరిది కూతురు ఒక ఫోటో తీసుకుని, అందులో ఏమీ కనబడక చెరిపేసింది. ఆ పిల్ల మొహం చూశాక నీ మీద కోపం ఇంకా పెరిగింది.

తిరుగు దారిలో ఆపమన్నాను. బావమరిది, నేను దిగి నీ కాలు పట్టుకున్నాం. అవును, అక్షరాలా పట్టుకున్నాం. ఇద్దరు నడివయసు మగవాళ్ళు చీకట్లో, కారు హెడ్‌లైట్ల వెలుగులో, రోడ్డు పక్క బోర్డును కొండ వైపు తిప్పడానికి బలమంతా పెట్టారు. నువ్వు కదల్లేదు. లైటు వేసి చూస్తే అప్పుడు బోధపడింది. లారీ తగిలి నువ్వు వదులయ్యాక ఎవరో వచ్చారు. వచ్చి, చూసి, పడిపోతావేమోనని నీ కాలి మొదట్లో గంపెడు సిమెంటు పోసి గట్టిగా బిగించి పోయారు. తప్పు దిక్కుకు! తిప్పాలన్న ఆలోచన రాలేదు, కదలకూడదన్న ఆలోచన మాత్రం వచ్చింది. ఆ పనికి బిల్లు కూడా అయ్యే ఉంటుంది. 2022లో మా కందుకూరును ఊరికి ఊరు ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో పెట్టారు, ఒక్క గోడ బీటలు వారలేదు. అంత పని చేయగలిగిన చోట ఒక రేకును జానెడు పక్కకు తిప్పే నాథుడు లేడు.

నిన్ను తిప్పమని ఎవరినీ అడగను. అడిగితే పక్కన ఇంకో బోర్డు పాతుతారు, అది మూడో దిక్కు చూపిస్తుంది. నాది చిన్న కోరిక. ఈసారి రంగులు వేసేవాళ్ళు డబ్బా పట్టుకుని వస్తే, ఆ బాణం మీద ఒక్క పూత వేయించుకో. ఊరి పేరు ఉంచుకో, రంగు ఉంచుకో, యూనిఫాంలో అలాగే నిలబడు. దారి మేం ఎవరినైనా అడుక్కుంటాం.

ఇట్లు,
సోడా తాగి వెనక్కి తిరిగిన వాళ్ళలో ఒకడు,
కందుకూరు