ప్రేక్షకుడి మాట కోసేస్తే ఇంకేం మిగిలిందండీ?

ప్రేక్షకుడు ఇచ్చిన మాట మీద అప్పటికప్పుడు అల్లి నవ్వించే ఆశుహాస్యం షోకి ‘బెస్ట్ ఆఫ్’ స్పెషల్ అన్నారు. వారం రోజులు ఎదురుచూశాను. తీరా చూస్తే ఏముంది? నవ్వు, కట్. నవ్వు, కట్. అసలు ప్రేక్షకుడు ఇచ్చిన మాటేది? అది విన్నాక నటుడి మొహంలో కనిపించే ఆ అరక్షణం తడబాటేది? దాన్నే కోసేశారు! పులస పులుసు అని పిలిచి, ముక్క లేకుండా వడ్డించినట్టుంది.

ముందే రాసుకున్న స్కిట్‌కీ దీనికీ తేడా ఆ తడబాటేనండీ. మన గోదావరి వాళ్లకి ఇది ఒకరు చెప్పాలా? కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, ఆ జంటకవుల నేల ఇది. అవధానంలో ప్రశ్న వేసే పృచ్ఛకుడు సమస్య, అంటే పద్యంగా పూరించాల్సిన చిక్కు పాదం, ఇవ్వాలి, అప్రస్తుత ప్రసంగి అడ్డుపడాలి, అయినా పద్యం తేలాలి. సమస్య వినిపించకుండా పూరణ ఒక్కటే చదివితే సభ ఊరుకుంటుందా?

పైగా ఆ ముక్కలకి ర్యాంకులు! పదో స్థానం, తొమ్మిదో స్థానం... ఎవరడిగారు? 1998లో మొదలైన అమెరికా ఆశుహాస్యం టీవీ షో ‘హూజ్ లైన్ ఈజ్ ఇట్ ఎనీవే’లో హోస్ట్ డ్రూ కేరీ పాయింట్లు పంచుతూనే, వాటికి విలువ లేదని చెప్పేవాడు. అందులో నటులు ర్యాన్ స్టైల్స్, కాలిన్ మోక్రీ ఆడుతుంటే, వాళ్ల నటనకి చప్పుళ్లు చేయడానికి ప్రేక్షకుల్లోంచి వచ్చినవాళ్లు ఒక్క తప్పు చప్పుడు చేస్తారు చూడండి, అక్కడ పండుతుంది! మొదట్నుంచీ చూస్తేనే పండుతుంది.

గంటలో అన్ని ముక్కలెందుకు? ఆరు ఆటలు చాలు. నెమ్మదించిన చోటుతో సహా, మొత్తం వెయ్యండి.