బల్ల దగ్గర తలొంచుకుని పళ్లెం దాటేసేవాళ్ల గురించి

నెల మొదటి ఆదివారం మన ఒంగోలు, నెల్లూరు వైపు ఏ పల్లె చర్చికైనా వెళ్లి చూడండి. ఆ రోజు ప్రభువు బల్ల, అంటే యేసు చివరి భోజనాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం. తెల్లగుడ్డ కప్పిన బల్ల, ముక్కలు కోసిన రొట్టె, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. సంఘపెద్ద పళ్లెం పట్టుకుని వరసల మధ్య వస్తుంటాడు. చాప మీద కూర్చున్న ఒకావిడ దాకా వచ్చేసరికి ఆవిడ చెయ్యి లేవదు. కొంగు ఇంకాస్త ముందుకి లాక్కుని తల దించుకుంటుంది. పళ్లెం క్షణం ఆగి పక్కావిడ దగ్గరికి పోతుంది. ఆరాధన అయ్యాక చెప్పుల్లో కాళ్లు పెట్టేలోపే గుసగుస: "ఏమైందంట?"

పెద్దగా ఏమీ అయ్యుండదు. శనివారం తోడికోడలితో మాటామాటా పెరిగుంటుంది. "దేవుడికి అన్నీ తెలుసు, ఏ మొహం పెట్టుకుని తీసుకునేది" అని ఆవిడ లెక్క. ఆ లెక్క తిరగబడిందని నా గొడవ. ఆయనకి తెలియదనుకున్నవాడు భయపడి దూరంగా ఉన్నాడంటే అర్థముంది. అన్నీ తెలిసినాయనే పిలిచి కూర్చోబెట్టిన బల్ల కదా ఇది!

లూకా 22వ అధ్యాయం తీసి వరస చూడండి. 19లో యేసు రొట్టె విరిచాడు, 20లో గిన్నె ఇచ్చాడు. 21లో, తనను అప్పగించేవాడి చెయ్యి ఇదే బల్ల మీద ఉందన్నాడు. 24లో, మనలో ఎవరు గొప్ప అని శిష్యులకి వాదం. అది కూడా శనివారం ఇంట్లో కాదు, ఆ బల్ల దగ్గరే. 34లో పేతురు తనను మూడుసార్లు ఎరగనంటాడని ముందే చెప్పేశాడు. పోనీ తెలిసి పేతుర్ని లేపి పంపాడా? "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అన్నాడు. పేతురు ఇంకా బొంకకముందే ప్రార్థన అయిపోయింది.

మరి "అయోగ్యముగా" సంగతేంటి అంటారు. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరం, 1 కొరింథీ 11:27: ఈ రొట్టె అయోగ్యముగా తిన్నవాడు అపరాధి అవుతాడని. ఆ మాట సరిగ్గా చదవండి. "అయోగ్యముగా" అంటే తీసుకునే తీరు, "అయోగ్యుడు" అంటే మనిషి. పౌలు రాసింది మొదటిది. యోగ్యులకే అయితే ఆ బల్ల ఎప్పుడో మడిచి అటక మీద పెట్టాల్సింది. ఆ తీరేంటో 21వ వచనంలోనే ఉంది: ఉన్నోళ్లు ముందే తినేస్తున్నారు, లేనోళ్లు ఆకలితో కూర్చున్నారు. తోడికోడలితో పోట్లాటకి ఈ వచనం చూపించి భయపెట్టే పెద్దలు, ఒకే ఊళ్లో మాలపల్లెకి ఒక గుడి, మాదిగపల్లెకి ఒక గుడి ఎందుకుందో ఈ వచనం కిందే ఒకసారి మాట్లాడితే బాగుంటుంది. ఆ రోజు చాలామంది మగవాళ్లు కూడా తల దించుకోవాల్సొస్తుంది.

28వ వచనం కూడా సగమే చెప్తారు. "తన్ను తాను పరీక్షించుకొనవలెను" దగ్గర ఆపేస్తారు. తర్వాత "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అని ఉంది. పరీక్షించుకుని మానుకోమని లేదు.

కొన్ని ఇళ్లలో నెలసరి రోజుల్లో ఆడపిల్లల్ని బల్లకి దూరంగా ఉంచుతారు. మార్కు 5లో పన్నెండేళ్లు రక్తస్రావంతో ఉన్న స్త్రీ ఆయన్ను ముట్టుకుంటే "కుమారీ" అని పిలిచాడు. ఇంతకన్నా దీని మీద చెప్పేదేం లేదు.

పరీక్షించుకోవడం ఎలా? శనివారం రాత్రి అన్నాలయ్యాక ఇరవై నిమిషాలు చాలు. 139వ కీర్తన, 24 వచనాలూ పైకి చదవండి. మధ్యలో 19 నుంచి 22 దాకా పగ మాటలున్నాయని దాటెయ్యొద్దు. కీర్తనకారుడు తన కోపం కూడా దాచకుండా అక్కడే పెట్టేశాడు, పెట్టేశాకే 23లో "దేవా, నన్ను పరిశోధించి" అన్నాడు. మొదటి వచనంలో పరిశోధించావన్నవాడు చివర్లో మళ్లీ పరిశోధించమంటున్నాడు. పోలీసు సోదా అయితే ఎవడైనా రెండోసారి రమ్మంటాడా?

తర్వాత ప్రార్థన. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. "తెలిసీ తెలియక చేసిన పాపములు క్షమించు తండ్రీ" అని ఒక్క ముక్కలో కట్టేస్తారు. అది చిట్టా విప్పకుండా అప్పు మాఫీ అడగడం. చీటీ డబ్బులో రెండు వేలు దాచి అబద్ధమాడితే "రెండు వేలు, ఫలానా వాళ్లకి" అనే చెప్పాలి. పేరు పెట్టి చెప్పిన తప్పుకి క్షమాపణ వచ్చిందని మనసుకి తెలుస్తుంది. "నేను పనికిరానిదాన్ని" అనే గాలిమాటకి చివరుండదు, నెలనెలా తిరిగొస్తుంది. ఆ తర్వాత ఫోన్ చేసి సమాధానపడండి. అవతలివాళ్లు ఎత్తకపోతే అది మీ చేతిలో లేదు, రోమా 12:18 "శక్యమైతే" అనే మొదలవుతుంది. సంఘం క్రమశిక్షణలో పెట్టిన సంగతైతే వేరు, అది పాస్టర్ గారితో తేల్చుకోవాలి.

మన జిల్లా చరిత్రలోనే ఉంది చూడండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వస్తున్నారేమోనని. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున దిగి, ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. దొర అయినా పైకి కనిపించినంత వరకే జల్లెడ పట్టగలిగాడు. లోపలున్నదంతా తెలిసినాయన వాళ్లనీ ఆపలేదు.

పళ్లెం పట్టుకునే పెద్దలకి ఒక మాట. ఎవరు తీసుకోలేదో గుర్తుపెట్టుకుని ఇంటికెళ్లి చెప్పడం మానండి. గుమ్మం దగ్గర అడగొద్దు. వచ్చే బల్లకి ముందు శనివారం వాళ్లింటికి పాస్టరమ్మగారిని పంపి, "అక్కా, కాసేపు కలిసి కీర్తన చదువుకుందామా" అనిపించండి.