తొంభై రోజుల నోటీసు పీరియడ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నోటీసు పీరియడ్ గారికి,

హైదరాబాదు హైటెక్ సిటీ నుంచి, రాజీనామా ఇచ్చాక కూడా తమరి తొంభై రోజులూ పాత కొలువులోనే గడుపుతున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరి దయవల్ల చేతిలో మూడు ఆఫర్లు కూడా ఉన్నాయి. నేను వెతుక్కున్నది ఒక్కటే. మిగిలిన రెండూ తమరి ప్రసాదం.

ఈ కాలపు కుర్రకారుకు మాట మీద నిలబడడం తెలియదనీ, ఒకచోట సరేనని ఇంకోచోట చేరతారనీ హెచ్‌ఆర్ పెద్దలు వాపోతున్నారు. ఆ కీర్తి అంతా మాకే కట్టబెడుతుంటే తమరు మౌనంగా ఊరుకోవడం నాకు నచ్చలేదు. అసలు కర్త తమరే కదా!

ఉద్యోగ ప్రకటన చూస్తే 'వెంటనే చేరగలవారికి ప్రాధాన్యం' అని ఉంటుంది. అదే కంపెనీ తన ఉద్యోగిని మాత్రం మూడు నెలలదాకా గడప దాటనివ్వదు. పక్కవాడి మనుషులు రేపే రావాలి, తనవాళ్లు మాత్రం కదలకూడదు. అందుకే రాజీనామా ఇవ్వనంతకాలం మా ఫోను మోగదు. ఇచ్చేసి, నౌకరీ సైట్‌లో 'నోటీసులో ఉన్నాను' అని పెట్టామో, ఇక ఆగదు. "చివరి పనిదినం ఎప్పుడండీ?" అన్నది మొదటి ప్రశ్న; ఏం పని వచ్చన్నది తర్వాతి సంగతి. అరవై రోజులు మిగిలి ఉంటే మర్యాదగా మాట్లాడతారు. ముప్పై అంటే ఆప్యాయత మొదలవుతుంది. పదిహేనుకు దిగితే మధ్యాహ్నం ఇంటర్వ్యూ, సాయంత్రానికి ఆఫర్. రోజులు తరిగేకొద్దీ నా ప్రతిభ పెరిగిపోయింది. ఈలోగా నేను కొత్తగా నేర్చుకున్నది మాత్రం ఏమీ లేదు.

ఇంతకూ ఈ మూడు నెలలూ ఆఫీసులో నా పని ఏమిటంటే, నా పనిని ఇంకొకరికి అప్పగించడం. ఎవరికి? నా స్థానంలో రావలసిన మనిషి వేరే కంపెనీలో తమరి నిర్బంధంలోనే ఉన్నాడు. అతని స్థానంలోకి రావలసినవాడు ఇంకెక్కడో ఉన్నాడు. ఇలా ఊరంతా ఒకరి కోసం ఒకరు వరుసగా ఎదురుచూస్తున్నాం. నా స్థానంలో రావలసిన ఆ మనిషికి కూడా రెండో ఆఫర్ వచ్చిందని తెలిసిన రోజే మా మేనేజర్ గారు నన్ను గదిలోకి పిలిచి, నా జీతం పెంచడానికి మూడేళ్లుగా లేని బడ్జెట్ ఇప్పుడే దొరికిందని శుభవార్త చెప్పారు.

ఆఫర్లు పోల్చి చూసుకోవడం మరో తపస్సు. మొదటి లేఖలో మొత్తం 24 లక్షలు. విప్పి చూస్తే అందులో కంపెనీ కట్టే పీఎఫ్ ఉంది, బీమా ప్రీమియం ఉంది, ఇస్తే ఇస్తారు లేకపోతే లేదన్న వేరియబుల్ ఉంది. మూలవేతనంలో 4.81 శాతం గ్రాట్యుటీ కూడా ఉంది. అది అయిదేళ్లు కదలకుండా ఉన్నవాడికి చెల్లే సొమ్ము. చేరినందుకు ఇచ్చే బోనస్సు ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. నెలనెలా చేతికొచ్చేది లెక్కేస్తే రెండో లేఖలోని 22 లక్షల ఆఫరే పెద్దది. మా నాన్నగారు మాత్రం 24కే ఓటు వేశారు, బంధువులకు చెప్పుకోవడానికి.

ఇక విలువల మాట. 2022 మార్చితో ముగిసిన ఏడాదిలో ఇన్ఫోసిస్‌లో ఉద్యోగం మానేసి వెళ్లినవారి రేటు 27.7 శాతం. అప్పుడు ఊరూరా మా విశ్వాసరాహిత్యం గురించే ఉపన్యాసాలు. అదే ఏడాది గాలి మారగానే, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలను ఆఫర్ లేఖలతో నెలల తరబడి కూర్చోబెట్టిన కంపెనీలున్నాయి, ఇచ్చిన లేఖను వెనక్కి తీసుకున్న కంపెనీలూ ఉన్నాయి. వాళ్లు చేస్తే వ్యాపార అవసరం, మేం చేస్తే సంస్కార లోపం.

చట్టం దగ్గర తమరి బలం అంతంతమాత్రమే. ఇష్టంలేని మనిషిచేత కొలువు చేయించమని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద ఏ కోర్టూ ఆదేశించదు. తమరి ప్రాణమంతా, కొలువు నుంచి విడుదల చేశామని పాత కంపెనీ రాసిచ్చే ఆ రిలీవింగ్ లెటర్‌లో ఉంది. మిగిలిన రోజులకు బదులు డబ్బు కట్టి బయటపడదామంటే మేనేజర్ దయ తలచాలి. ఆ డబ్బు మీద 18 శాతం జీఎస్టీ కూడా వేయాలా అని కొన్నాళ్లు వాదన నడిచింది. అక్కర్లేదని 2022 ఆగస్టులో పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చి పుణ్యం కట్టుకుంది.

నా మనవి ఒక్కటే. తమరు ముప్పైకి దిగిరండి. నెలరోజుల్లో పని అప్పగించి, వీడ్కోలు కేకు కోసి వెళ్లిపోతాం. ఇంకో ఆఫర్ వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు.

ఈలోగా మర్యాద తప్పకూడదని, చేరడం లేదంటూ 24 లక్షలవారికి ఈ ఉదయమే మెయిల్ పెట్టాను. తిడతారేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. కాఫీ చల్లారకముందే జవాబు వచ్చింది: "ఫరవాలేదండీ, ఆ స్థానానికి మరో ఇద్దరికి ఆఫర్ ఇచ్చి ఉంచాం."

ఇట్లు,
తమరి చెరలో ఉన్న
ఒక ఉద్యోగి